కప్పు మావ

మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు మనుషుల మొహాలు మరిచిపోవచ్చు గానీ గొంతులు మరిచిపోడు. రాజాంలో ఈ షాపు పెట్టినప్పటి నుంచి చుట్టుపక్కల మైకు పట్టుకున్న ప్రతి నాయకుడూ మాట మొదలుపెట్టే ముందు ఎలా దగ్గుతాడో నాకు తెలుసు. ఒకాయన దగ్గాడంటే వెనకాలే హామీ వస్తుంది. ఇంకొకాయన దగ్గాడంటే కన్నీళ్ళొస్తాయి. మరొకాయనకి దగ్గు తప్ప ఇంకేమీ రాదు. ఎక్కువసార్లు గెలిచింది ఆయనే. వీళ్ళందరిలో మైకులో దగ్గనివాడు ఒక్కడే ఉండేవాడు. సగం జీవితం బొగ్గు దుమ్ములో గడిపినవాడు, దగ్గడానికి అందరికంటే ఎక్కువ హక్కున్నవాడు. దగ్గు వస్తే మైకు నా చేతికిచ్చి, స్టేజీ వెనక్కి వెళ్ళి, పేగులు కదిలిపోయేలా దగ్గి, మొహం తుడుచుకుని వచ్చి, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవాడు. ఆ కాసేపూ నేను జనం ముందు మైకు పట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడాలి. ఎన్నిసార్లు నిలబడ్డానో.

మొన్న ఆయన మేనల్లుడు షాపుకొచ్చాడు. సాలూరులో లారీలు తిప్పుతాడు, ఎప్పుడొచ్చినా ముందు హారన్ల ధర అడుగుతాడు. ఈసారి అడగలేదు. స్టూలు మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మావ పోనాడ్రా," అన్నాడు. "పెద్దకర్మ నాడు సబ పెట్టాలంటన్నారు. మైకు గావాల. గాని మా అమ్మ ఒప్పుకోడం నేదు. 'బతికినన్నాల్లూ ఆ గొట్టం ఒగ్గనేదు, సచ్చినాక కూడా ఏటి?' అంటన్నాది."

"పెద్దమ్మ ఆయన గురించి మాట్లాడతందా అన్నా?"

"ఆడి గురించి ఎప్పుడూ మాటాడతాది. ఆడితోనే మాటాడదు."

అని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ అదే పనైంది.

ఆయన్ని ఊళ్ళో అందరూ మావ అనేవారు. ఆయన అక్కని అందరూ అప్ప అంటారు, ఆయన పిలిచేది అలాగే కాబట్టి. నేను మాత్రం ఆవిణ్ణి పెద్దమ్మా అంటాను, ఆవిడ కొడుకుని అన్నా అంటాను. నాకూ వాళ్ళకీ ఏ చుట్టరికమూ లేదు. మా వైపు పలకరించడానికి చుట్టరికం అక్కర్లేదు, ఎదురుపడితే చాలు.

మావకి పూర్తి బిరుదు 'కప్పు మావ'. అది ఎలా వచ్చిందో చెప్పకపోతే ఆయన గురించి ఏం చెప్పినా గాల్లో ఉంటుంది.

కుర్రతనంలో ఒక మేస్త్రి వెంట గోదావరి అవతలి బొగ్గు గనుల్లోకి కూలికి పోయాడు. అక్కడ తట్టలు మోసి, పలుగు పట్టి, యూనియన్ జెండా పట్టి, చివరికి ఆ గనుల వాళ్ళ ఓట్లతో ఎమ్మెల్యే అయ్యాడు. ఒకసారి కాదు, రెండోసారి కూడా. అన్నీ అయ్యాక, భార్య పోయాక, ఒక ట్రంకుపెట్టె, ఒక పొన్నుకర్ర పట్టుకుని సొంత ఊరొచ్చేశాడు. ఊరు రాజాం నుంచి ఆటోలో పోయేంత దూరం. అక్కడ భూమిలో ఎంత లోతు తవ్వినా నీళ్ళే పడతాయి, అవీ ఎండాకాలం పడవు.

ఆ కర్ర చివర ఇనప పొన్ను ఉండేది. గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పుని కర్రతో కొట్టి వింటారట. కప్పు గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట ఆగేవాడు మూర్ఖుడు. మావ పైకొచ్చేశాడు గానీ ఆ అలవాటు ఆయనతోపాటే పైకొచ్చేసింది. ఎవరింటికెళ్ళినా గుమ్మంలో ఆగి, కర్రెత్తి కప్పుని కొట్టి, తల పక్కకి వాల్చి విన్నాకే కాలు లోపల పెట్టేవాడు.

మొదటిసారి మా షాపుకొచ్చినప్పుడూ అంతే. నేను అప్పుడే ముచ్చటపడి సీలింగు వేయించుకున్నాను. ఎవరో పెద్దాయన తెల్ల పంచె కట్టుకుని వచ్చి, "నమస్కారం" అనైనా అనకుండా, కర్రతో దాన్ని పొడిచాడు.

"డొల్ల," అన్నాడు.

"అది థర్మాకోలు మావా!"

"నానూ అదే సెప్తన్నాను."

పెళ్ళిళ్ళలో షామియానా గుడ్డని కొట్టలేడు కాబట్టి గుంజలు కొట్టి చూసేవాడు. పురోహితుడు మంత్రం ఆపి, ఈ ముసలాయన ఎవరి తరఫు అని అడిగేవాడు. తహసీల్దారు ఆఫీసులో కొట్టాడు. బ్యాంకులో కొట్టబోతే గార్డు పట్టుకున్నాడు. బస్సెక్కే ముందు బస్సు టాపు కూడా కొట్టేవాడు. అసలు చిక్కు అక్కడొచ్చింది. మన బస్సుల్లో రేకు మీద రెండు దెబ్బలు పడితే డ్రైవరుకి 'పోనీ' అని అర్థం. మావ కింద నిలబడి టపటపమని కొట్టి, తల వాల్చి వినేలోగా బస్సు కదిలిపోయేది. రాజాం కాంప్లెక్సులో చాలాసార్లు చూశాను. బస్సు మలుపు తిరిగాక నా వైపు వచ్చి, "కప్పు గట్టిదేరా, బస్సే నేదు," అనేవాడు.

ఆయన ఎన్ని కప్పులు డొల్ల అన్నా ఒక్కటీ పడిన పాపాన పోలేదు. పంచాయతీ ఆఫీసుది ఒక్కటే పడింది. అది ఈయన కొట్టిన దెబ్బకే పడింది. పెద్ద పెచ్చు ఊడొచ్చి సెక్రటరీ టేబులు మీద, కరెక్టుగా టీ గ్లాసులో పడింది. సెక్రటరీ లబోదిబోమంటుంటే మావ నింపాదిగా కర్ర దించి, "సెప్పినాను కదేటి?" అన్నాడు. ఆ రోజు నుంచి కప్పు మావ.

ఊరికి ఆయన మీద ఒక కోపం ఉండేది. టీకొట్టు దగ్గర కూర్చుంటే ఎవడో ఒకడు తప్పకుండా కదిపేవాడు.

"ఏం మావా, రెండుపాల్లు ఎమ్మెల్లే సేసినావు. మనూరికి ఒక రోడ్డైనా ఏయించినావేటి?"

"మనూరు నా నియోజకవర్గం కాదురా."

"నీదేటి, నాదేటి? ఎమ్మెల్లే అంటే ఎమ్మెల్లేయే."

"ఒరే, పక్కింటోడి పెళ్ళాన్ని నా పెళ్ళామంటే ఊరుకుంటాడేట్రా? ఇదీ అంతే. ఎవులు ఓటేస్తే ఆల పని సెయ్యాల."

"మరి నువ్వు పుట్టింది ఇక్కడ గదా?"

ఇక్కడికొచ్చేసరికి మావ టీ తాగేసి కర్ర తీసుకుని లేచేవాడు. లేచేముందు టీకొట్టు రేకుని ఒకటి కొట్టేవాడు.

ఆయన ఉపన్యాసం ఇవ్వడానికి ప్రత్యేకంగా సందర్భం అక్కర్లేదు. మేడే, జెండా వందనం, స్కూలు వార్షికోత్సవం, వినాయక నిమజ్జనం, ఏదైనా సరే. అయితే ఏ సభకైనా ముగింపు ఒకటే. జైకొట్టించడు, ధన్యవాదాలు చెప్పడు. మైకు రెండు చేతులతో పట్టుకుని, జనం వైపు చూసి ఒక మాట అడుగుతాడు.

"అందరూ పైకొచ్చీసినారా?"

మొదట్లో జనం తెల్లమొహాలు వేసేవారు. ఉన్నది పొలాల మధ్య ఊళ్ళో, కూర్చున్నది నేల మీద. దిగిందెక్కడ, పైకి రావడమెక్కడ? మావ వదిలేవాడు కాదు. ఎవరికి వాళ్ళు "వొచ్చీసినాను" అనాలి. ఒకడు అందరి తరఫునా "వొచ్చీసినాం మావా" అంటే ఒప్పుకోడు. "నీ మట్టుకు నువ్వు సెప్పరా. పక్కోడి సంగతి పక్కోడు సెప్తాడు" అని వాడి మీద విరుచుకుపడతాడు. వరసగా అందరూ చెప్పేదాకా మైకు కట్టెయ్యనివ్వడు, తను మంచినీళ్ళు ముట్టడు. చివరికి జనానికి అలవాటైపోయింది. సభ మొదట్లో నిద్రపోయిన ముసలమ్మలు కూడా ఆ మాట రాగానే లేచి "వొచ్చీసినాను బాబూ, తొంగోనీ" అని మళ్ళీ పడుకునేవారు.

ఒకసారి ఆటోలో పక్కన కూర్చున్నప్పుడు అడిగాను, ఇదేం పిచ్చి మావా అని. కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని చెప్పాడు.

"ఒకపాలి షిప్టు దిగీసి ఎక్కతన్నాం. పైనున్నోడు అడిగినాడు, అందరూ వొచ్చీసినారా అని. వొచ్చీసినాం అన్నాడొకడు. అందరి తరుపునా అనీసినాడు. ఒకడు రానేదు."

"తరవాత?"

"తరవాత పైకి మోసుకొచ్చినాం."

ఆటో దిగాక యథాప్రకారం ఆటో టాపు కొట్టాడు. డ్రైవరు దణ్ణం పెట్టి, మావా పాతికేళ్ళ బండి, దీన్ని కొట్టకు, అని బతిమాలాడు.

ఇంతమందిని పైకి రప్పించుకున్న మనిషికి పక్కింట్లో ఒక మనిషి జవాబు చెప్పేది కాదు. ఆవిడే అప్ప.

ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒకే గోడ. ఆ గోడకి వయసెంతో, ఆ తగువుకీ దాదాపు అంత వయసు. ఆయన ఎమ్మెల్యేగా ఉన్న రోజుల్లో అప్ప, ఆవిడ మొగుడు, కొడుకుని వెంటబెట్టుకుని రైలెక్కి తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. తమ్ముడు స్టేషనుకే వచ్చాడు. కోడికూర వండించాడు. చీర కొన్నాడు. గని దిగే చోటు దాకా తీసుకెళ్ళి చూపించాడు. కొడుక్కి గనిలో ఒక ఉద్యోగం వేయించమని అప్ప అడిగింది. అంత పెద్దవాడు ఒక్క సంతకం పెడితే అయిపోయే పని. ఆయన పెట్టలేదు.

"అప్పా, ఆ ఉద్దోగాలు కాలూ సెయ్యీ పోగొట్టుకున్నోల పిల్లలవి. నీకిస్తే ఆల కడుపు కొట్టినట్టు."

అప్ప చీర మడత విప్పకుండా మంచం మీద పెట్టేసి, మొగుణ్ణి, కొడుకుని లేవదీసుకుని వచ్చేసింది. అప్పటి నుంచి తమ్ముడితో మాటల్లేవు.

కొడుకు సాలూరు పోయి క్లీనరుగా చేరి, డ్రైవరై, ఇప్పుడు సొంత లారీలు తిప్పుతున్నాడు. అతనికి మావ మీద రవంత కోపం కూడా లేదు. "గనిలో దిగితే ఈ పాటికి నా ఫొటోకి దండుండీది" అని అతనే అంటాడు. అప్ప మాత్రం వినదు. "నువ్వు లారీలు కొన్నావు సరే, గవుర్మెంటు ఉద్దోగం కాదు గదా," అంటుంది. పంతానికి కారణాలు అక్కర్లేదు, పాతబడితే చాలు.

మాటలు లేవంటే అసలు మాటలే లేవని కాదు. మా వైపు మాటలు లేనివాళ్ళు మామూలు వాళ్ళకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు. కాకపోతే గోడతోనో, చీపురుతోనో, దారినపోయే మేకతోనో చెప్తారు. అప్ప గోడకి చెప్పేది.

"ఓ గోడా, రాత్రంతా దగ్గతన్నాడని సెప్పు. మిరియాలు మరగబెట్టుకోమని సెప్పు. సెప్పీ, నాను సెప్పినానని సెప్పకు."

గోడ ఇవతల మావ నాకేసి చూసి, "ఏటంటన్నాది గోడ?" అని అడిగేవాడు.

"మిరియాలు మావా."

"మిరియాలు నేవని సెప్పు."

నేను చెప్పక్కర్లేకుండానే కాసేపటికి గోడ మీద మిరియాల పొట్లం ప్రత్యక్షమయ్యేది. భావనపాడు నుంచి చుట్టాలు ఎండునెత్తళ్ళ చేపలు తెస్తే అప్ప కూర వండి, గిన్నె గోడ మీద పెట్టి, "గోడకి పెట్టినాను, కాకులు తింటాయో, కుక్కలు తింటాయో నాకేటి తెలుసు" అనేది. మావ గిన్నె ఖాళీ చేసి, కడిగి, మళ్ళీ గోడ మీదే పెట్టి, "కాకి సెప్పమన్నాది, ఉప్పు సాల్నేదని," అనేవాడు. అవతలి నుంచి గిన్నె దభీమని లాక్కున్న చప్పుడు వినిపించేది. ఒక్క మాట, నేరుగా, 'ఒరే' అని ఒక్కసారి ఆవిడ నోటెంట వస్తే చాలని మావ కోరిక. నాతో చెప్పలేదు గానీ, ఆ గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే తీరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అది తప్ప ఆయన ఈ ఊరొచ్చి ఇంకేమీ అడగలేదు.

కాదు, ఒకటి అడిగాడు. సర్పంచిగా నిలబడ్డాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచేసి, అప్పుడు ఇంటికొచ్చాడు. ఎందుకు నిలబడ్డావంటే, "పుట్టింది ఇక్కడ గదా అన్నారు గదేట్రా" అన్నాడు. గుర్తులు పంచితే ఈయనకి కప్పు సాసరు వచ్చింది. ఊరంతా పగలబడి నవ్వింది. కప్పు మావకి కప్పే వచ్చిందని మా ప్రచారం ఆటో చూసినవాడల్లా గాల్లో కర్ర కొట్టి చూపించేవాడు. ఎదుటివాడు రైసుమిల్లు వాళ్ళ అబ్బాయి. చల్లగా నవ్వుతాడు, అందరికీ అన్నీ చేస్తానంటాడు.

మావ ప్రచారం విని నా ఆంప్లిఫయరే సిగ్గుపడింది.

"నన్ను గెలిపిస్తే రోడ్డేయిస్తానని నాను సెప్పను. రోడ్డు ఎందుకు పడనేదో నెలనెలా మీ గుమ్మంలోకొచ్చి సెప్తాను."

నేను మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "మావా, వేయిస్తానని అనెయ్యి, పోయేదేముంది?" అని గొణిగాను. నా చెయ్యి తోసేసి, "ఈ మైకువోడు అబద్దం సెప్పమంటన్నాడు," అని ఊరందరికీ వినిపించేలా చెప్పాడు. ఆ పూట నాకు ఆ వీధిలో మంచినీళ్ళు కూడా పుట్టలేదు.

ప్రచారానికి ఆఖరి సాయంత్రం. అయిదు కొట్టేసరికి మైకు ఆపాలి, కానిస్టేబులొచ్చి పక్కనే నిలబడ్డాడు. మావ సభని తీసుకొచ్చి తన ఇంటి ముందే పెట్టించాడు. తన ఇంటి ముందంటే అప్ప ఇంటి ముందు కూడా. అప్ప అరుగు మీద జనానికి వీపు చేసి, గోడకి ఎదురుగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మావ ఉపన్యాసం త్వరగానే ముగించి, మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అందరూ పైకొచ్చీసినారా?"

వరసగా అందరూ వచ్చేశామన్నారు. ఎదుటి పార్టీ వాళ్ళు సరదా చూద్దామని వచ్చారు, వాళ్ళూ వచ్చేశామన్నారు. కానిస్టేబులు వాచీ చూసుకుంటూ "నేనూ వొచ్చీసినాను బాబూ, ఆపండి" అన్నాడు. మావ మైకు వదల్లేదు. అరుగు వైపు చూస్తున్నాడు. మెల్లగా జనానికి అర్థమైంది. అందరి తలలూ అటు తిరిగాయి.

"ఒక్క మాటనీ అప్పా! పొయ్యిలు ముట్టించుకోవాల!" అని ఆడవాళ్ళు మొదలుపెట్టారు.

"కోర్టుకెక్కినోల్లు కూడా మాటాడుకుంటారు, నువ్వేటి అప్పా?" అని ఇంకొకడు.

అప్ప చేట దించింది. గోడ వైపే చూస్తూ అంది.

"ఓ గోడా, ఆడికి సెప్పు. నాను ఎక్కడా దిగనేదు, ఎక్కడా ఎక్కనేదు. ఇక్కడే ఉన్నాను. దిగినోడూ ఆడే, ఎక్కినోడూ ఆడే, ఎక్కీసి ఎనక్కి సూడనోడూ ఆడే."

ఆ మాటలు మైకులోంచి కూడా వినిపించాయి. అంత గట్టిగా అంది.

"నాకినపడనేదు," అన్నాడు మావ. వినపడిందని ఊరందరికీ తెలుసు. గోడకి చెప్పింది లెక్క కాదని ఆయన ఉద్దేశం.

అయిదయింది. కానిస్టేబులు నా వైపు చూశాడు. నేను స్విచ్చు కట్టేశాను. మావ ఆగిపోయిన మైకు పట్టుకుని ఇంకాసేపు అలాగే నిలబడ్డాడు. అప్ప చేట తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఓడిపోయాడు. చిత్తుగా ఓడిపోయాడు, అందులో వింతేమీ లేదు. ఫలితం చెప్పిన రోజు వైర్లు చుట్టుకోవడానికి వెళ్ళాను. గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఓదార్చాలని నేనేదో మొదలుపెట్టాను.

"ఓటమి సంగతి కాదురా," అన్నాడు. గోడ వైపు గడ్డంతో చూపించాడు. "ఒక మనిషి ఇంకా కిందే ఉండిపోనాది."

ఆ సాయంత్రం గోడ మీద గిన్నె ఉంది. దానిలో పాయసం. ఓడిపోయినవాడికి పాయసం ఎవరైనా పెడతారా? అప్ప పెట్టింది. "కాకులకి," అని అవతలి నుంచి వినిపించింది.

పెద్దకర్మ నాడు షామియానా రెండిళ్ళకీ కలిపి వేశారు. నేను మైకు అమర్చాను. అప్ప ఒప్పుకోలేదు, కొడుకు వినలేదు. పాత కుర్చీలో ఫొటో పెట్టారు. ఫొటోలో మావ కెమెరా వైపు కాకుండా కొంచెం పైకి చూస్తున్నాడు. ఫొటో స్టూడియో కప్పు మీద కన్నేసి ఉంటాడు.

రాజాం నుంచి నాయకులొచ్చారు. హామీ దగ్గాయన దగ్గాడు, కన్నీళ్ళ దగ్గాయన దగ్గాడు. రైసుమిల్లు అబ్బాయి, ఇప్పటి సర్పంచి, ఆయన పేరు మీద రోడ్డు వేయిస్తానన్నాడు. అప్ప అరుగు మీద అలవాటు ప్రకారం వీపు తిప్పుకుని కూర్చుంది. సభ సగంలో ఒక జీపు ఆగింది. ఇద్దరు ముసలాళ్ళు దిగారు. వాళ్ళు ఎవరో నేను అడక్కుండానే తెలిసిపోయింది. షామియానా అంచులో ఆగి, ఒకడు చేతిలో గొడుగెత్తి, గుంజని రెండుసార్లు కొట్టి, తల వాల్చి విని, అప్పుడు లోపలికొచ్చాడు. నవ్వొచ్చింది.

గొడుగాయన మైకు ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పాడు. చెప్తూ చెప్తూ ఆగి, "సార్ వాళ్ళ అక్క ఉన్నదా ఈడ?" అని అడిగాడు. జనం అరుగు వైపు చూపించారు.

"అమ్మా, మీరేనా ఆ అక్క! మా గనులల్ల మీ పేరు తెల్వనోడు లేడమ్మా."

అప్ప వీపు కదిలింది.

"పొద్దున లేస్తే సార్ ఇంటి ముందు పెద్ద పెద్దోళ్ళు లైను గట్టేటోళ్ళు, మా వాడికి కొలువియ్యి, మా బామ్మర్దికి కొలువియ్యి అనుకుంట. సార్ ఒక్కటే మాట: 'మా అప్పకే లేదన్నాను. నీకెట్ల ఇస్తాను?' ఇగ ఎవడూ నోరెత్తకపోయేది. మంత్రి ఫోన్ చేసినా గదే మాట. మీకు లేదన్న ఆ కొలువు నాకొచ్చిందమ్మా. మా నాయిన బొగ్గుబాయిల పోయిండు. మీ పేరు చెప్పుకొనే మేం బతికినం."

అప్ప మెల్లగా ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆ అరుగు మీద ఆవిడ ఇటు తిరగడం నేను చూడలేదు. ముందు కోపం వచ్చిందో, ఏడుపొచ్చిందో, ఆ మొహం చూస్తే తెలియలేదు.

"అంటే ఆ ఊరంతా నా పేరు సెప్పుకునే ఎమ్మెల్లేగిరీ సేసినాడన్నమాట," అంది చివరికి. "నాకొక్క ముక్కైనా సెప్పనేదు, సచ్చినోడు." నాలిక కరుచుకుంది.

భోజనాలకి లేవమని చెప్పడానికి ఇక నేను సభ ముగించాలి. జనం లేవడం లేదు. ఏదో మిగిలిపోయినట్టు కూర్చున్నారు. ఏమిటో అందరికీ తెలుసు, అడిగేవాడే లేడు. నేను స్విచ్చు మీద చెయ్యి వేశాను.

"ఒరే, ఆగు!"

అప్ప అరుగు దిగి వచ్చింది. మైకు ఇమ్మని చెయ్యి చాపింది. జీవితంలో మైకు పట్టుకోలేదు, స్పీకరు గొట్టానికి మరీ దగ్గరగా పెట్టేసరికి అది కుయ్యిమంది. భయపడలేదు. మైకుని వేలితో రెండుసార్లు కొట్టి, తల పక్కకి వాల్చి వింది. ఎక్కడ నేర్చుకుందో. గోడ అవతలి నుంచి ఇన్నేళ్ళూ విన్నదే అయ్యుండాలి.

"అందరూ పైకొచ్చీసినారా?"

"వొచ్చీసినాను అప్పా." "నానూ వొచ్చీసినాను." "వచ్చిన్నమ్మా," అన్నాడు గొడుగాయన, లేచి నిలబడి. లారీ అన్న ఏదో అనబోయి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కన్నీళ్ళ నాయకుడు దగ్గకుండా "వొచ్చీసినాను" అన్నాడు. వరసగా అందరూ అనడం అయిపోయింది. అయినా అప్ప మైకు దించలేదు. ఆవిడకీ ఫొటోకీ మధ్య ఎవరూ లేరు. గోడ వైపు చూడలేదు.

"ఒరే తమ్ముడా," అంది. "నానూ వొచ్చీసినాన్రా. ఇక నువ్వు తొంగో."

నాకు కళ్ళు కనపడలేదు. అప్ప మైకు నా చేతిలో పెట్టి కొంగు దులుపుకుంది.

"ఏట్రా అలగ సూస్తన్నావు? అయిపోనాది. ఆపీ."

ఆపేశాను.